మూత వేయని తీగ

మా చీకటి గదికి రెండు తలుపులు. మొదటిది మూసుకున్నాక గానీ రెండోది తీయకూడదు. రెండో తలుపు ముందు నిలబడి "తలుపు" అని కేకెయ్యాలి. లోపలున్నవాడు పలక మీద మూత పెట్టి "మూశా" అంటాడు. అప్పుడు తోయాలి. ఈ నియమం పెట్టింది నేనే. దీన్ని కాగితం మీద రాసి అంటించలేదు. చీకట్లో కాగితం ఎవడు చదువుతాడు?

లోపల ఉండేవాడు నా బావమరిది. వాడితో నేను మాట్లాడను.

ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. ఒకే ల్యాబులో పనిచేస్తాం. ఇంట్లో మా ఇద్దరి మధ్య మా అత్తగారు.

"చిన్నోడా, మీ బావకి కూర అందించు" అంటుంది. వాడు గిన్నె జరుపుతాడు.

"అత్తయ్యా, గ్యాస్ అయిపోవచ్చింది, చెప్పండి" అంటాను నేను. చెప్పవలసిన మనిషి నా మోచేతికి ఆనుకునే కూర్చుని ఉంటాడు.

"విన్నావుగా? మళ్ళీ నేను చెప్పాలా?" అని ఆవిడ వాడివైపు తిరుగుతుంది. "ఈ వయసులో నాకీ టెలిఫోన్ ఉద్యోగం ఏమిట్రా. జీతం లేదు, సెలవు లేదు."

అయినా ఆ ఉద్యోగం మానదు.

నా భార్య పోయిన రోజు మధ్యాహ్నం ఆమె పక్కన వాణ్ణి కూర్చోబెట్టి నేను ల్యాబుకు వచ్చాను. మంచం దగ్గర్నుంచి కదలొద్దని చెప్పి మరీ వచ్చాను. వాడు కదిలాడు. ఆసుపత్రి వరండాలోకి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి ఆమె లేదు. సొంత మనిషి ఒక్కరూ పక్కన లేకుండా పోయింది. అప్పటినుంచి నేను వాణ్ణి పలకరించలేదు.

వాడి పని గీతలు గీయడం. ల్యాబులో అందరూ గీతల మేస్త్రి అంటారు. చల్లబరిచే యంత్రం నా చేతిలో ఉంటుంది కాబట్టి నన్ను మంచు మేస్త్రి అంటారు. వాడు గీసేది గోరంత పలక మీద. ఒక ఆక్సైడు మీద ఇంకో ఆక్సైడు పలచగా పెంచిన పలక అది. విడిగా చూస్తే రెండూ కరెంటు పోనివ్వనివే. కానీ పైన విద్యుత్తు పెట్టిన సూదిమొనను నడిపిస్తే, అది నడిచిన దారి కింద, రెండు పొరలూ కలిసే చోట, ఎలక్ట్రాన్లు పారడం మొదలుపెడతాయి. అదే మా తీగ. కంటికి కనపడదు. వెంట్రుకను నిలువునా వేల చీలికలు చేస్తే అందులో ఒక్కటి. నేను పల్లెటూరి బడిలో చదివినవాణ్ణి. నాకు అది చేలో బోదె తీసినట్టే అర్థమైంది. వాడు బోదె తీస్తాడు, అందులో నీరు ఎలా పారుతుందో మేం కొలుస్తాం.

కొలిచే పద్ధతి చెప్పడానికి తేలికే. ఇంతకు మించి చలి లేదనే హద్దు దాకా పలకను చల్లబరుస్తాం. తీగకు ఒక కొస మాత్రం పిసరంత వేడి చేస్తాం. వేడి కొస నుంచి చల్లని కొసకు ఎలక్ట్రాన్లు జరుగుతాయి, రెండు కొసల మధ్య చిన్న వోల్టేజి పుడుతుంది. తీగ అంత సన్ననిదైతే, పలక అడుగున పెట్టే విద్యుత్తును పెంచుతూ పోయినా అందులో కరెంటు సాఫీగా పెరగదు, మెట్లు మెట్లుగా పెరుగుతుంది. మెట్టు ఎక్కే చోటల్లా ఆ వోల్టేజి లేచి, మెట్టు మీదికి రాగానే పడిపోవాలి. గ్రాఫు దువ్వెన పళ్ళలా రావాలి. మా ల్యాబులో ఆ దువ్వెన ఇంతవరకూ రాలేదు.

బావమరిది ఉద్యోగం ఆ దువ్వెన మీద నిలబడి ఉంది. వాడిది కాంట్రాక్టు ఉద్యోగం. గడువు అయిపోవచ్చింది. కమిటీ వచ్చే వారం కూర్చుంటుంది. గ్రాఫు చూపిస్తే ఉంచుతారు. లేకపోతే ఈ పని ఉన్న ఇంకో ఊరు వెతుక్కోవాలి. వాడు ఏ ఊరు పోతే అత్తగారు ఆ ఊరు పోతుంది. ఆ సంగతి ఆవిడ ముందే చెప్పింది.

వాడితో మాటలు మానేశాక నేను "తలుపు" అనడం కూడా మానేశాను. దానికి బదులు తాళంచెవితో తలుపు మీద టకటకమనిపించేవాణ్ణి. లోపల్నుంచి "మూశా" అని వినపడేది. వాడు మాత్రం ఆ మాట అనడం మానలేదు.

ఒక రోజు పలకను బిగించే రాగి దిమ్మను తుడిచి, గ్లవ్స్ వేసుకున్న రెండు చేతులతో పట్టుకుని వెళ్ళాను. ఫోన్ ఎప్పటిలాగే బయట అలమరలో పెట్టాను. మొదటి తలుపు భుజంతో తోసి లోపలికి వెళ్ళాను. ఆ తలుపు స్ప్రింగు సడలిపోయింది. మెల్లగా, బద్ధకంగా మూసుకుంటుంది. రెండో తలుపు ముందు నిలబడ్డాను. తాళంచెవి జేబులో ఉంది. చేతులు ఖాళీ లేవు. నోరొకటే ఖాళీగా ఉంది.

దిమ్మను కింద పెట్టి తట్టొచ్చు. కింద పెడితే దుమ్ము అంటుతుంది, మళ్ళీ మొదటినుంచి తుడవాలి. ఒక్క మాట అంటే సరిపోతుంది. అనలేదు. మూత పెట్టే ఉంటాడులే అనుకున్నానని చెప్పుకోవచ్చు. అదీ అనుకోలేదు. భుజంతో తోశాను.

వెనక మొదటి తలుపు ఇంకా మూసుకోలేదు. వరండాలోని ట్యూబులైటు వెలుతురు నా భుజం మీదుగా బల్ల దాకా పడింది. పలక బల్ల మీద ఉంది. మూత వాడి చేతిలో ఉంది.

వాడు నా వైపు చూశాడు. తర్వాత మూత పెట్టాడు. అంతలో వెనక తలుపు మూసుకుని, ఎర్ర దీపం ఒక్కటే మిగిలింది. ఆ వెలుగులో వాడి ముఖం సరిగా కనపడలేదు. దిమ్మను బల్ల మీద పెట్టాను. వాడు పలకను మూతతో సహా అందులో బిగించాడు. నేను తీసుకెళ్ళి యంత్రంలోకి దించాను.

ఆ పలక మీద వెలుతురు పడిందంటే బోదె గట్టు తెగినట్టే. నీరు చేనంతా పారుతుంది. వెలుతురు తీసేసినా ఆ తడి పోదు. చలిలో అసలే పోదు. మామూలు గదిలో చీకట్లో రోజుల తరబడి ఉంచితే గానీ ఆరదు. ఇది నాకు తెలుసు. వాడికి ఇంకా బాగా తెలుసు. పడింది కాస్త వెలుతురే కదా, ఏమీ కాలేదేమోనని ఇద్దరం ఎవరికి వాళ్ళం ఆశపడ్డాం. మాట్లాడుకునేవాళ్ళమైతే ఆ పలకను ఆ రోజు దించేవాళ్ళం కాదు.

యంత్రం ఆ హద్దు దాకా చల్లబడ్డాక మేడం వచ్చింది. ల్యాబు ఆవిడది. టీ కప్పు పట్టుకుని తెర ముందు కూర్చుంది.

"గీతల మేస్త్రీ, పార్టీ ఎక్కడ?"

"ముందు దువ్వెన రానివ్వండి మేడం. తర్వాత ఎవరి తల వాళ్ళం దువ్వుకుందాం."

"మంచు మేస్త్రి గారి సంగతేమిటి మరి? ఆయనకి దువ్వెనతో పని లేదే" అని నా బట్టతల వైపు చూసి నవ్వింది.

వాడు కూడా నవ్వబోయాడు. నన్ను చూసి ఆపుకున్నాడు.

గ్రాఫు కదలడం మొదలైంది. చుక్క తర్వాత చుక్క పైకి లేచింది, గుండ్రంగా తిరిగింది, మెల్లగా కిందికి జారింది. పళ్ళు లేవు. నున్నటి దిబ్బలా ఉంది. మేడం కప్పు పక్కన పెట్టింది. మళ్ళీ మొదటినుంచి నడిపించమంది. మళ్ళీ అదే దిబ్బ.

"కరెంటు చూడండి. ఒక్క తీగకి ఇంత ఎక్కడిది? చుట్టూ అంతా పారుతోంది." కుర్చీ మా వైపు తిప్పింది. "దీని మీద వెలుతురు పడింది. ఎవరు?"

నోరు తెరవడానికి నాకు కావలసినంత సమయం ఉంది.

"నేనే మేడం" అన్నాడు వాడు. "మూత పెట్టానో లేదో చూసుకోకుండా లైటు వేశాను."

"నువ్వా? కరెంటు పోయినా తెలియకుండా పనిచేసుకునేవాడివి, నువ్వు లైటు వేశావా?"

"అలవాటు తప్పింది."

ఆవిడ నన్ను చూసింది. "మీరున్నారా అప్పుడు?"

"నేను దిమ్మ పట్టుకుని వెళ్ళాను" అన్నాను.

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అలాంటి మాట పేర్చుకోవడానికి కూడా బుర్ర కావాలి. అది నాకు ఆ క్షణంలో బాగానే పనిచేసింది.

ఆ సాయంత్రం వాడు కంచం ముందు కూర్చోలేదు. తలనొప్పి అని చెప్పి గదిలోకి పోయాడు. అత్తగారు నాకు వడ్డించి, ఎదురుగా కూర్చుంది.

"వాడి ఉద్యోగం పోతుందట కదా."

"కమిటీ ఇంకా కూర్చోలేదు."

"ఏదో మూత మరిచాడట. వాడు! చిన్నప్పుడు పెన్సిలు పెట్టెకి కూడా మూత పెట్టకుండా లేచేవాడు కాదు. వాళ్ళక్క ఏడిపించేది, నువ్వు పెట్టెలు మూయడానికే పుట్టావురా అని."

నేను ముద్ద కలుపుతూ కూర్చున్నాను.

"నువ్వు అక్కడే ఉన్నావట కదా నాయనా. చూడలేదా?"

"చీకటి కదా అత్తయ్యా."

"అవును, చీకటే" అంది ఆవిడ. ఇంకొంచెం కూర వేసింది. "నీకు వంట వచ్చా?"

"రాదు."

"నేర్చుకో. వాడు వెళ్ళిపోతే నీకు వండేవాళ్ళుండరు. నాకెలాగూ ఈ టెలిఫోన్ ఉద్యోగం పోయినట్టే."

ఆవిడ నవ్వుతూ అనలేదు, కోపంగానూ అనలేదు. ఇంట్లో సరుకులేవో అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది. తినకపోతే ఎందుకని అడుగుతుంది. అందుకని మింగాను.

తెల్లారగానే మేడం గదికి వెళ్ళాను. కూర్చోమంది. కూర్చోలేదు.

"పలకకి వెలుతురు తగిలింది నా వల్ల. మొదటి తలుపు మూసుకోకుండానే రెండోది తోశాను. పిలవలేదు."

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"పిలవాలన్న నియమం ఎవరిది?"

"నాదే."

"నేను ఈ ల్యాబుకి వచ్చిన మొదటి రోజు, పిలవకుండా తలుపు మీద చెయ్యి వేశానని నన్ను అందరి ముందూ కడిగేశారు. గుర్తుందా?"

"గుర్తుంది."

"మరి నిన్న అడిగితే దిమ్మ పట్టుకెళ్ళానన్నారు."

"అన్నాను."

"అతను మిమ్మల్ని కాపాడుతుంటే పక్కన నిలబడి విన్నారు."

ఆవిడ గోడకున్న కేలండరు వైపు తిరిగింది. "పలక ఆరాలి. మళ్ళీ గీయాలి. మళ్ళీ చల్లబరచాలి. ఇవన్నీ కమిటీకి ముందే అవ్వాలి. యంత్రం మరమ్మతుకి విప్పేది ఎల్లుండి కదా?"

"విప్పను. దాని పంపు ఇంకో వారం లాగుతుంది."

"మధ్యలో ఆగిపోతే?"

"బాధ్యత నాది."

"ఆ మాట నిన్న అనాల్సింది" అంది మేడం. "సరే, పలకను బయటికి తీయండి. అతనికి మాత్రం మీరే చెప్పండి. మీ ఇంట్లో టెలిఫోన్ పని మీ అత్తగారు చేస్తారట. ఇక్కడ నేను చెయ్యను."

వాడు పరికరాలు కడిగే సింకు దగ్గర ఉన్నాడు. పట్టకార్లు ఒక్కొక్కటే కడిగి గుడ్డ మీద ఆరబెడుతున్నాడు. నేను వెనక నిలబడ్డాను. నేనెవరో వాడికి తెలుసు. తిరగలేదు.

"మేడంకి చెప్పాను" అన్నాను.

వాడి చెయ్యి ఆగింది. ఎవరితో అంటున్నానో చూసుకున్నట్టు పక్కకు చూశాడు. పక్కన ఎవరూ లేరు.

"ఏం చెప్పావు?"

"తలుపు తోసింది నేనని."

"ఎందుకు? ఒకడు పోతే తీరిపోయేది. ఇప్పుడు ఇద్దరం వెధవలమయ్యాం." పట్టకారు గుడ్డ మీద పడేశాడు. "నీ అడుగు నాకు తెలియదనుకున్నావా బావా? నీ అంత బరువుగా నడిచేవాడు ఈ ల్యాబులో లేడు. మొదటి తలుపు చప్పుడు వినగానే మూత చేతిలోకి తీసుకున్నాను."

"మరి పెట్టలేదేం?"

"తాళంచెవి చప్పుడు రాలేదు. చేతులు ఖాళీ లేవన్నమాట అనుకున్నాను. అయితే ఈ రోజు నోరు తెరవక తప్పదు అనుకున్నాను. ఎలా పిలుస్తావో విందామని ఆగాను."

కొళాయి కట్టేశాడు.

"ఆ పలక, నా ఉద్యోగం, అన్నీ బల్ల మీద పరిచి పెట్టుకుని, మూత చేత్తో పట్టుకుని, నువ్వు పిలుస్తావేమోనని నిలబడ్డాను. నన్ను మించిన వెర్రివాడు ఉంటాడా? అందుకే తప్పు నాదని చెప్పాను. సగం నాదే."

"నువ్వు మూత పెట్టాల్సింది."

"పెట్టాల్సింది. నువ్వు పిలవాల్సింది." గుడ్డకు చేతులు తుడుచుకుని అప్పుడు నా వైపు తిరిగాడు. "అక్క పక్కనుంచి ఆ రోజు ఎందుకు లేచి వెళ్ళానని ఇంతవరకూ నువ్వు అడగలేదు."

అడక్కపోయినా చెప్పాడు.

"బావని పిలవరా అంది. వార్డులో సిగ్నల్ లేదు. వరండాలోకి వెళ్ళి చేశాను. మోగుతూనే ఉంది. ఇప్పుడు ఎత్తుతావు, ఇంకోసారికి ఎత్తుతావు అని అక్కడే నిలబడిపోయాను. నువ్వు ఎత్తలేదు."

నా ఫోన్ ఆ మధ్యాహ్నం చీకటి గది బయట, అలమరలో ఉంది. పని ముగించుకుని బయటికి వచ్చి చూశాను. తెర మీద పై నుంచి కింద దాకా వాడి పేరే ఉంది. వాడు వరండాలోకి ఎందుకు వెళ్ళాడో నాకు అప్పుడే తెలుసు. తెలిసే అడగలేదు. అడిగి ఉంటే వాడు జవాబు చెప్పేవాడు. ఆ జవాబు విన్నాక తప్పు మోపడానికి వాడు మిగలడు. నేనే మిగులుతాను.

"నాకు తెలుసు" అన్నాను.

"తెలుసా?"

"ఆ రోజే తెలుసు."

కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. వాడు పట్టకార్లన్నీ డబ్బాలో సర్దాడు. మూత పెట్టాడు. నన్ను దాటుకుని వెళ్ళిపోయాడు.

క్షమించమని నేను అడగలేదు. అడిగినా వాడు క్షమించడు. వాడి స్థానంలో నేనున్నా క్షమించను.

పలకను వేడెక్కనిచ్చి నల్ల డబ్బాలో పెట్టాం. అది ఆరేలోపు నేను మొదటి తలుపు స్ప్రింగు మార్చాను. ఎప్పుడో చెయ్యాల్సిన పని. స్క్రూలు నాలుగు విప్పి నాలుగు బిగించడమే. పంపు దగ్గర రోజూ చెవి పెట్టి విన్నాను. దగ్గుతోంది గానీ తిరుగుతోంది. ఇంట్లో అత్తగారు మా ఇద్దరి మధ్యా కూర గిన్నె తనే జరిపింది. ఎవరికి ఏం చెప్పాలనీ అడగలేదు.

వాడు మళ్ళీ గీసిన రోజు నేను దిమ్మ తుడిచి తీసుకెళ్ళాను. మొదటి తలుపు నా వెనక గట్టిగా మూసుకుంది. చీకట్లో రెండో తలుపు ముందు నిలబడ్డాను. తాళంచెవి జేబులోనే ఉంది. దిమ్మ రెండు చేతుల్లో ఉంది.

"చిన్నోడా" అన్నాను. మళ్ళీ అన్నాను. "చిన్నోడా, తలుపు."

లోపల ఏ అలికిడీ లేదు. రాగి బరువుకు మణికట్లు లాగడం మొదలైంది. ఇంకోసారి పిలవాలా అని ఆలోచించాను. పిలవలేదు. ఒకసారి పిలిచాక జవాబు వచ్చేదాకా ఆగాలి. అది కూడా నేను పెట్టిన నియమమే.

"మూశా" అని వినపడింది. "బావా" అనలేదు.

భుజంతో తోశాను.

ఈసారి గ్రాఫు పైకి లేచింది, పడింది, మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. మేడం టీ కప్పు ఎత్తడం మరిచిపోయింది. మూడో పన్ను లేచేసరికి, "ఇదిగో మీ దువ్వెన" అని బల్ల మీద చరిచింది. వాడు గోడకు ఆనుకుని నిలబడి, అరచేతుల్లో ముఖం దాచుకున్నాడు. నేను పంపు చూసివస్తానని చెప్పి బయటికి వచ్చాను. పంపు బాగానే ఉంది.

కమిటీ వాణ్ణి ఉంచుకుంది. నన్ను పిలిచి, నియమం తప్పినందుకు నాలుగు మాటలు అంది. తక్కువే అంది.

వాడు ఉద్యోగంలో ఉన్నాడు గానీ ఇంట్లో లేడు. ల్యాబుకు దగ్గరలో రెండు గదుల వాటా దొరికిందని పై వారం సామాను సర్దాడు. అత్తగారు పెట్టె తీసుకుని గుమ్మం దాకా వచ్చి, వెనక్కి తిరిగింది.

"కూరలో ఉప్పు ముందే వెయ్యకు నాయనా. ఉడికాక వెయ్యి."

"అలాగే అత్తయ్యా."

"ఇంకేమన్నా చెప్పాలా వాడికి?" అంది. ఆఖరిసారిగా ఆ ఉద్యోగం చేద్దామనుకున్నట్టుంది. వాడు ఆటో దగ్గర సామాను ఎక్కిస్తున్నాడు, మా మాటలు వినపడేంత దూరంలోనే.

"నేనే చెప్పుకుంటాను" అన్నాను. ఆవిడ నమ్మలేదు. నేను చెప్పనూ లేదు.

ఇప్పుడు ఇంట్లో పిలవడానికి మనిషి లేదు. ల్యాబులో ఆ తలుపు ఒకటి మిగిలింది. చేతులు ఖాళీగా ఉన్నా తాళంచెవి తీయడం లేదు. పిలుస్తాను. వాడు కొన్నిసార్లు వెంటనే పలుకుతాడు. కొన్నిసార్లు ఆలస్యం చేస్తాడు. లోపల మూత పెట్టిన చప్పుడు నాకు వినపడుతూనే ఉంటుంది, అయినా పలకడు. కావాలనే చేస్తాడు.

నిలబడతాను.